తగ్గిందన్న మాట

"చెల్లె వచ్చిందా?"

"తొవ్వల ఉన్నదంట. నువ్వు జర కండ్లు మూసుకో."

"అబద్ధమాడుతున్నవే."

"ఆడుతలే. వస్తది."

ఇవే మా ఇద్దరి ఆఖరి మాటలు. పట్నంలో పెద్ద దవాఖాన, కిటికీ పక్క మంచం. ఆ తర్వాత మా ఆయనకు మాట పడిపోయింది. తెల్లారేసరికి మనిషే లేడు. నేను అబద్ధమాడుతున్నానని ఆయనకు తెలుసు. ఆయన చెల్లెలు అప్పుడు కనకమామిడిలో తన ఇంట్లోనే ఉంది. కబురు అందింది, రాలేదు.

రాసుకున్నావా, బిడ్డా? మీ అమ్మ రాలేదని నేను ఇప్పుడు తిడుతున్నట్టు రాయకు. రాలేదు, అంతే. ఎందుకు రాలేదో చెప్పడానికే నిన్ను కూర్చోబెట్టాను. తన అన్న తెలిసి తెలిసి రోగమున్న బర్రెను తెచ్చి తన కొట్టంలో కట్టేసి పోయాడని ఆమె అనుకుంది. ఇప్పటికీ అనుకుంటూనే ఉందేమో. ఆయనకు తెలియదు. తెలియదని చెప్పగలిగినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను, నాకేమో రాయడం రాదు. సంతకం పెడతాను, అదీ వంకర. నువ్వు బడిలో పాఠాలు చెప్పేదానివి కాబట్టి నీ తెలుగులోనే పెట్టు. కానీ మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే ఉండనీ. దిద్దకు. ఒక్క మాట దగ్గరే మా రెండిళ్ళూ చెడ్డాయి.

మాది మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డుకు లోపలగా ఉన్న ఊరు. ఆ రోజుల్లో పట్నంలో కంప్యూటర్ కంపెనీలు లేస్తున్నాయి. ఆ గాలి మా చెలకల దాకా వచ్చింది. ఆదివారం అయితే చాలు, గట్ల మీద కార్లు. నల్లద్దాలు పెట్టుకున్న పిల్లలు మా జొన్న చేనులో నిలబడి ఇక్కడ గేటు, అక్కడ స్విమ్మింగ్ పూల్ అని చేతులు చూపించుకునేవాళ్ళు. ఆయన నాగటి మేడి మీద చెయ్యేసి చూస్తూ, "తాగనీకి బోర్ల నీళ్ళు లేవు, వీండ్లకు ఈత గావాల్నంట" అని నవ్వేవాడు. నవ్వి నవ్వి చివరికి మేమూ అమ్మాం, రోడ్డు వైపు ముక్క.

భూమి మా మామ పేరు మీద ఉండేది. అమ్మాలంటే ఆడపిల్ల కూడా సంతకం పెట్టాలన్నారు. ఆ సంతకాల దగ్గర ఆ ఏళ్ళలో ఎన్ని ఇళ్ళు విరిగాయో. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందరే అన్నాచెల్లెళ్ళు జుట్లు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. మీ అమ్మ పొద్దున్నే బస్సు దిగింది. పెన్ను అడిగింది, సంతకం పెట్టింది. నాకేమిస్తావని అడగలేదు. బయటికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుని, "ఎండ దంచుతున్నది. చెరుకు రసమన్న తాపియ్యవానె, అన్నా?" అంది. అంతే అడిగింది.

అది ఆయన గుండెలో దిగిపోయింది. ఇంటికొచ్చాక కాళ్ళు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి పోయి నిలబడ్డాడు.

"చెల్లెకు బర్రెనిస్త" అన్నాడు. "అన్నిట్ల మంచిదాన్ని. ఈనినంక, దూడతోని."

"అదే ఎందుకు? ఇంకోటి లేదా?"

"మంచిది ఇస్తెనే ఇచ్చినట్టు. ముసలిదాన్నిస్తె తోలేసినట్టు."

పుట్టింటి నుంచి ఆడపిల్లకు పాడి పశువును తోలడం మా వైపు ఉన్నదే. నెత్తిన పసుపు రాసి, మెడకు కొత్త పలుపు కట్టి, ఆ పలుపు అన్నదమ్ములే పట్టుకుని నడిపించుకు పోవాలి. బండిలో ఎక్కించి పంపితే లెక్కలోకి రాదు.

ఆ బర్రె చూడితో ఉంది, ఇంకా ఈనలేదు. ఈలోపు కొట్టంలోని ఇంకో బర్రె నెలలు నిండకుండానే దూడను పడేసింది. వెంట్రుకలు కూడా సరిగ్గా రాని దూడ. ఆయన మొయినాబాద్ పోయి పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు. పెద్దాయన, మంచివాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, చచ్చిన దూడ ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క, దూడ వెంట పడ్డ మావిలోంచి ఒక ముక్క కోసి సీసాల్లో పెట్టాడు. కడుపులు పోగొట్టే పురుగు ఒకటుంటుంది, అది ఉందో లేదో పట్నంలో కొత్తగా పెట్టిన ల్యాబులో చూస్తారు అన్నాడు.

"ఉన్నదా లేదా గంతనే కాదు" అన్నాడు. "ఈ ముక్కల ఎంత పురుగున్నదో గూడ లెక్కగడతరు. కొత్త మిషన్లు వచ్చినయి."

"కంటికి కనవడని పురుగును లెక్కవెడతరా, సారు?" అన్నాడు మా ఆయన. "మా ఊరి ఓటర్లనే సక్కగ లెక్కవెడతలేరు. సచ్చినోల్లు గూడ ఉన్నరు లిస్టుల."

డాక్టరు నవ్వాడు. కొన్నాళ్ళకు ఫలితం చెప్పాడు. రోగం ఉంది, నంబరు ముప్పై దాటి వచ్చింది, ఆ బర్రెను వేరే కట్టండి, నేల మీద సున్నం చల్లండి, మావిని ఉత్త చేతులతో ముట్టొద్దు, పాలు కాచకుండా తాగొద్దు. చెప్పినవన్నీ చేశాం. ముప్పై అంటే ఎక్కువా తక్కువా అని మేం అడగలేదు. డాక్టరూ చెప్పలేదు. అది అడిగే సంగతి అని ఎవరికి తోస్తుంది? జ్వరం చూస్తారు, షుగర్ చూస్తారు, బీపీ చూస్తారు. ఏ నంబరైనా పెరిగితే భయం, దిగితే ఊపిరి.

చెల్లెకనుకున్న బర్రె వాన పడుతున్న ఒక పొద్దున ఈనింది. పెయ్య దూడ, బతికిన దూడ. పుట్టగానే తల విదిలించి తుమ్మింది. ఆయన మురిసిపోయాడు. అయితే మావి పడలేదు. మధ్యాహ్నం దాకా చూశాడు. బర్రె మూలుగుతోంది. డాక్టరు కోసం మనిషిని పంపితే ఆయన చేవెళ్ల పోయాడన్నారు. యూరియా సంచి లోపలి కవరు చించి మోచేతి దాకా చుట్టుకుని, తాడు కట్టించుకుని, మా ఆయనే చెయ్యి పెట్టి తీశాడు. కవరు మధ్యలోనే చినిగింది. బయటికి తీసిన చెయ్యి నాకిప్పటికీ కనబడుతుంది.

దూడ గంతులేస్తోంది. బర్రె మేస్తోంది. ఇంకెవరైనా అయితే ఆ వారమే తోలేసేవాళ్ళు. ఆయన తోలలేదు, బిడ్డా. ఇది మటుకు పెద్ద అక్షరాలతో రాయి.

"మావి గూడ పంపి చూపిస్త" అన్నాడు. "చెల్లె కొట్టంల కట్టేటప్పుడు నా మనసుల ఎసొంటి శంక ఉండొద్దు."

సీసాలో మావి ముక్క వేసి, పాల క్యానులో ఐసు పోసి, అందులో ఆ సీసా పెట్టుకుని బస్సెక్కాడు. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ పాలు ఎట్లా లీటరని అడిగిందట. డాక్టరు ఆ సీసాను ల్యాబుకు పంపించాడు. ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆయనకు బదిలీ అయింది. కొత్త డాక్టరు ఇంకా రాలేదు. ఇక మా ఆయనే ఆగలేక ల్యాబుకు ఫోను చేశాడు.

చిన్న ఫోను అప్పుడే కొన్నాం. చెవికి పెట్టుకుంటే వినబడదని, పాన్‌డబ్బా పట్టుకున్నట్టు మొహం ముందర పట్టుకుని, గట్టిగా వినబడే మీట నొక్కి మాట్లాడేవాడు. నేను పక్కనే ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. అవతల ఒక ఆడపిల్ల ఎత్తింది. కోస్తా వైపు పిల్ల, మాట తీయగా ఉంది.

"అమ్మా, నేను బర్రె మావి పంపినోన్ని."

"ఏ గేదెండీ?"

"నల్లది."

"నల్లగ గాక ఎర్రగుంటదానయ్యా బర్రె?" అన్నాను నేను. అవతల ఆ పిల్లకు వినబడి నవ్వింది. కాగితాలు తిప్పిన చప్పుడు.

"ఆ, దొరికిందండీ, మొయినాబాద్. మొదటి శాంపిల్ కంటే ఈసారి నంబర్ బాగా తగ్గిందండీ."

"బాగ తగ్గిందా?"

"బాగా తగ్గింది. ముప్పై పైన ఉన్నది ఇరవై లోపలికి వచ్చేసింది. మీరోసారి డాక్టర్‌గారితో మాట్లాడండి, ఆయన వివరంగా చెప్తారు."

"నీ నోట్ల చక్కెర పొయ్య, బిడ్డా!"

అవతల ఆ పిల్ల, డాక్టర్‌గారితో తప్పకుండా మాట్లాడండి అని మళ్ళీ అంది. ఆ మాట నోట్లో ఉండగానే ఈయన మీట నొక్కేశాడు.

నేను విన్నాను. ఆయన ఒక్కడే విన్నది కాదు. బాగా తగ్గిందని ఆ పిల్ల నోటితో అంది, నా రెండు చెవులతో విన్నాను. జ్వరం తగ్గింది అంటాం. దగ్గు తగ్గింది అంటాం. మన నోట రోగం దగ్గర ఆ మాటకు ఇంకో అర్థం ఎక్కడిది? మొదటి బర్రెకున్న రోగం దీనికి లేనట్టే అనుకున్నాం.

మరునాడే బర్రెకు నీళ్ళు పోసి, పసుపు రాసి, కొత్త పలుపు కట్టి కనకమామిడికి నడిపించుకు పోయాం. ఆయన ముందర పలుపు పట్టుకుని, నేను వెనక దూడను అదిలిస్తూ. దారిలో ఒక ఫామ్‌హౌసు గేటు దగ్గర వాచ్‌మన్ పెండ పడుతుందని కసిరాడు. "పడనియ్యి, ఎరువైతది. మీ సారుకు గడ్డి మంచిగ మొలుస్తది" అన్నాడు ఈయన. ఎంత సంతోషంగా ఉన్నాడో.

మీ అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లి, బర్రెకు బొట్టు పెట్టి, దాని మెడ కావలించుకుని ఏడ్చింది. నువ్వు చిన్న గౌనేసుకుని దూడ తోక పట్టుకుని తిరిగావు. మీ బాపు గుంజకు ఆనుకుని, "బర్రెనైతె ఇచ్చినవ్ బావా, గడ్డెవడిస్తడు?" అన్నాడు.

"గడ్డి నువ్వు తిన్నంక మిగిలింది వెయ్యి" అన్నాడు ఈయన. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చెప్పాడు, నేను విన్నాను: "పట్నంల పరీక్ష గూడ చేయించిన, చెల్లె. బాగ తగ్గిందన్నరు. ఫికరు చెయ్యకు."

దాచాలనుకున్నవాడు ఆ మాట ఎందుకు చెబుతాడు?

తర్వాత సంగతి నీకూ కొంత గుర్తుండాలి. మీ కొట్టంలో చూడితో ఉన్న రెండు బర్రెలూ, ఒకదాని వెనక ఒకటి, దూడలను పడేశాయి. కొత్త డాక్టరు వచ్చి మళ్ళీ ముక్కలు కోయించి అదే ల్యాబుకు పంపాడు. రోగం ఉందన్నారు. ఊరికే అనలేదు, మేమిచ్చిన బర్రెకు ముందే ఉందని, దాని మావిలో పురుగు కుప్పలుగా ఉందని, బర్రెను తోలకముందే చెప్పామని అన్నారు. మీ అమ్మ ఆ మాట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. లోపలికి రాలేదు.

"అన్నా, నీకు ముందే చెప్పిండ్రంట గద."

"చెప్పిండ్రు, తగ్గిందని."

"తగ్గిందన్నరా, కుప్పలున్నయన్నరా?"

"తగ్గిందనే, చెల్లె. మీ వదినె గూడ విన్నది."

"వదినె నీ దిక్కే చెప్తది."

నేను విన్నానని అన్నాను. నా వైపు చూడను కూడా లేదు.

ఆయన, నేను పట్నం పోయాం ఆ ల్యాబుకు. గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టారు. ఆ పిల్లే బయటికొచ్చింది, తెల్లకోటు, మా చిన్నమ్మాయి ఈడు. చెప్పింది విని మొహం తెల్లబోయింది. మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆ పురుగు లోపల సన్నటి దారంలాంటిది ఉంటుందట. దాన్నే డీఎన్ఏ అంటారు. మిషన్ ఆ దారాన్ని ఒకటికి రెండు, రెండుకు నాలుగు చేస్తూ పోతుంది. చేసి చేసి, కనబడేటంత అయినప్పుడు ఆగుతుంది. ఎన్ని విడతలు పట్టిందో అదే నంబరు. ముక్కలో పురుగు నిండా ఉంటే కొద్ది విడతల్లోనే కనబడిపోతుంది. పురుగు తక్కువుంటే ఎక్కువ విడతలు తిప్పాలి. మొదటి దూడ ముక్క ఎండకు చెడిపోయి వచ్చింది కనుక దాంట్లో పట్టుకోవడానికి ఎక్కువ విడతలు పట్టిందట.

"పేన్ల దువ్వెన లెక్కనా?" అన్నాను. "నెత్తి నిండ పేన్లుంటె ఒక్కసారి దువ్వంగనే పడతయి. ఒక్కటో రెండో ఉంటె దువ్వి దువ్వి చేతులు గుంజుతయి."

"అంతేనండీ" అంది ఆ పిల్ల. కళ్ళలో నీళ్ళు. "నంబర్ తగ్గిందన్నాను కానీ, జబ్బు తగ్గిందనలేదండీ నేను."

నిజమే, అనలేదు. ఆ పిల్ల తన భాషలో చెప్పింది, మేం మా భాషలో విన్నాం, రెండూ తెలుగే. ఆ పిల్ల మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు.

పట్నం నుంచి ఇంటికి రాకుండా నేరుగా కనకమామిడి పోయాం. ఆయనకు తొందర. నిజం దొరికింది కదా, చెబితే అయిపోతుందనుకున్నాడు. మీ బాపు అరుగు మీద ఉన్నాడు, ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. ఈయన నిలబడే చెప్పాడు.

"నంబరు తగ్గితె రోగం ఎక్కువున్నట్టంట, బావా. మాకు తెల్వదు. తగ్గిందంటె తగ్గిందనుకున్నం."

మీ బాపు అరుగు మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "తగ్గితె ఎక్కువా? గట్లయితె నీ భూమి గూడ తగ్గింది గద, ఎక్కువైనట్టేనా? చిన్నపోరగాండ్లకు చెప్పుపో."

అందరూ నవ్వారు. మీ అమ్మ నవ్వలేదు. గడప పట్టుకుని అంది: "సంతకం అడిగితె పెట్టిన. బర్రెను నేనడిగిననా? తప్పైంది చెల్లె అంటె ఊకుందును. గిసొంటి కతలు చెప్పకు."

ఆయన వెనక్కి తిరిగి నడిచాడు. మా ఊరి మలుపు దగ్గరికి వచ్చాక, "నిజమే కత లెక్కున్నదే. నాకే నవ్వొస్తున్నది" అన్నాడు. నవ్వలేదు.

జ్వరం అప్పటికే మొదలైంది. పగలు బాగానే ఉండేవాడు, పొద్దుగూకితే ఒళ్ళు కాలిపోయేది. దుప్పటి పిండితే నీళ్ళు కారేటంత చెమట. నడుము పట్టుకుని లేచేవాడు. ఒకరు టైఫాయిడ్ అన్నారు, ఒకరు మలేరియా అన్నారు. మందులు మింగితే పోయేది, మానేస్తే వచ్చేది. ఆఖరికి పట్నంలో ఒక డాక్టరు అడిగాడు, ఇంట్లో పశువులున్నాయా అని. నెత్తురు పరీక్ష చేశారు. అదే పురుగు. ఆ చినిగిన కవరులోంచి ఎక్కింది, గుండె కవాటం మీద కూర్చుంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఒక పొద్దున నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, జ్వరం తగ్గింది తాతా అంది.

"ఆ మాట నాకాడ అనకు, బిడ్డా" అన్నాడు. "చల్లగైందని చెప్పు."

ఆయన ఇంటికి శవమై వచ్చినప్పుడు మీ అమ్మ వచ్చింది. పాదాలు పట్టుకుని ఊరంతా వినబడేట్టు ఏడ్చింది. నా దగ్గరికి రాలేదు. మా ఇంట్లో మంచినీళ్ళు తాగకుండా లేచిపోయింది. తర్వాత చావులకు, పెళ్ళిళ్ళకు ఎదురుపడ్డాం. ఆమె ఒక పక్క కూర్చుంటే నేను ఇంకో పక్క. మాట లేదు. నేను ఎన్నిసార్లో చెప్పి పంపాను. తగ్గితే ఎక్కువ అనే కథే మళ్ళీ పోయేది, మళ్ళీ నవ్వులపాలయ్యేది. ఇక మానేశాను.

నువ్వు కరోనా నాడు వచ్చావు. మూతికి గుడ్డ కట్టుకుని, వాకిట్లోనే దూరంగా నిలబడి చెప్పావు. మీ బాపుకు పరీక్ష చేశారు, నంబరు చిన్నగా వచ్చిందన్నారు. మంచం మీద ఆయన లేచి కూర్చుని, "తగ్గిందా? మంచిదేనా?" అన్నాడు. డాక్టరు కాదన్నాడు, ఈ నంబరు తగ్గితే రోగం ఎక్కువన్నట్టు అన్నాడు. అప్పుడు మీ బాపు నీ వైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడని చెప్పావు. దేవుడి దయ, బతికాడు. నేను మొక్కుకున్నాను కూడా, నమ్ముతావో నమ్మవో.

"అత్తా, మామ చెప్పింది నిజమే గద" అన్నావు. ఆయన పోయాక ఆ మాట ఇంకొకరి నోట వినడం నాకు అదే మొదలు.

మీ బాపు మీ అమ్మతో చెప్పాడో లేదో నీకు తెలియదన్నావు. ఆమె నిన్ను ఇక్కడికి పోవద్దని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. అందుకే రాయమన్నాను. వచ్చి నా కాళ్ళు పట్టుకోవాలని కాదు. తన అన్న తనను మోసం చేశాడని అనుకుంటూ ముసలిదవుతోంది, ఆ బరువుతో ఆమె పోవద్దు. ఆయన ఆ పలుపు పట్టుకుని నడిచినప్పుడు మనసులో చెల్లె మీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

ఇంక చాలు, గొంతు పోయింది. ఆ కాగితాలు మీ అమ్మ ముందర చదివేలోపు నాకు చదివి వినిపించు. ఆయన్ను మంచివాణ్ణి చేయబోయి ఎక్కడన్నా ఎక్కువ చెప్పానా, మీ అమ్మకు గుచ్చుకునే మాట ఏదన్నా నా నోట జారిందా చూస్తాను. ఉంటే అక్కడే కొట్టెయ్యి. తొందరపడకు, ఆ కుర్చీ జర దగ్గరికి జరుపుకో, నాకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు. ఊ, చదువు బిడ్డా, మొదటి నుంచి.